పైన క్లాసు, కింద భోజనం

మా అనకాపల్లిలో డాక్టర్లకు కూడా క్లాసులు జరుగుతాయని చాలామందికి తెలియదు. తెలియాలనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. చదివి ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. నాకు వచ్చి చాలా కాలమైంది, నా కోపాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

డాక్టరు చదువు ఒకసారి చదివేస్తే అయిపోయేది కాదట. మందులు మారుతుంటాయి. నిన్న మంచిదన్న మాత్రను ఇవాళ చెడ్డదంటారు. అందుకని ఊళ్ళలో ప్రాక్టీసు చేసుకునే డాక్టర్లు కూడా అప్పుడప్పుడూ పెద్ద డాక్టర్లు చెప్పే పాఠాలు వినాలి. ఇన్ని గంటలు విన్నామని సర్టిఫికెట్లు పోగేసుకుంటేనే వాళ్ళ రిజిస్ట్రేషను రెన్యువల్ అవుతుంది. దీన్ని వాళ్ళు సీఎంఈ అంటారు. మంచి రూలే. రూలు రాసినవాడి మీద నాకేమీ కోపం లేదు. అతను మా ఊరు వచ్చి చూడలేదు, అంతే.

నేను చూశాను. ఎందుకంటే ఆ క్లాసులకు మైకు సెట్టు నాదే.

నేను బడికి వెళ్ళింది అయిదో క్లాసు వరకే. ఆ తర్వాత మా మేనమామ మైకు షాపులో చేరాను. అప్పటి నుంచి నా చదువంతా యాంప్లిఫయరు పక్కన ఇనప కుర్చీలో కూర్చునే సాగింది. ఎన్నికల మీటింగులు, హరికథలు, పురాణ ప్రవచనాలు, చెరకు రైతుల సదస్సులు, యూనియన్ సభలు. సభ ఎంత చెత్తగా ఉన్నా మైకువాడు మధ్యలో లేచి వెళ్ళడానికి లేదు, వందన సమర్పణ దాకా ఉండాల్సిందే. స్టేజీ మీదివాళ్ళు కునుకు తియ్యొచ్చు, స్టేజీ కిందివాళ్ళు కునుకు తియ్యొచ్చు. మైకువాడు కునుకు తీస్తే మాత్రం సెట్టు కీచుమని అరిచి అందరినీ లేపేస్తుంది. అలా వినీ వినీ, ఇంటికొచ్చి దొరికిన పుస్తకమల్లా చదివీ నాలుగు అక్షరం ముక్కలు సంపాదించుకున్నాను. ఈ ఊళ్ళో ఎవరు ఏ స్టేజీ మీద ఏ మాట ఇచ్చారో, ఎప్పుడు తప్పారో నాకు గుర్తుంది. అందుకే నేను ఎదురుపడితే కొందరు పెద్దమనుషులు రోడ్డు దాటి అవతలికి పోతారు.

డాక్టర్ల క్లాసు ఎప్పుడూ ఆదివారం. బైపాస్ దగ్గర ఒక హోటల్ మేడ మీద హాలు, కింద భోజనాల హాలు. గుమ్మం దగ్గర బల్ల మీద సంతకాల కాగితం ఉంటుంది. డాక్టరు కారు దిగుతాడు, సంతకం పెడతాడు, మందుల కంపెనీవాళ్ళు ఇచ్చే సంచి పుచ్చుకుంటాడు. అందులో ఒక పెన్నూ, ఏదో మాత్ర బొమ్మ వేసిన కప్పూ ఉంటాయి. ఇక అక్కడి నుంచి రెండు దారులు. మెట్లెక్కితే క్లాసు, ఎక్కకపోతే భోజనం. నేను చూసినంతలో మెట్లెక్కేది కొత్తగా బోర్డు పెట్టిన కుర్ర డాక్టర్లూ, ఇంట్లో తోచని ముసలి డాక్టర్లూ. మధ్య వయసువాళ్ళు కింద ఏసీ పక్కన చేరి రియల్ ఎస్టేటు మాట్లాడుకుంటారు. కొందరు సంతకం పెట్టి అటు నుంచి అటే క్లినిక్కుకు పోయి, భోజనం వేళకు మళ్ళీ తిరిగొస్తారు. నక్కపల్లి వైపు నుంచి వచ్చే ఒకాయన దారిలో ఉన్న స్నేహితులందరి సంతకాలూ తనే పెట్టేస్తాడు. చాలా మంచివాడని ఆయనకు పేరు.

సంతకాలు ఉంటే చాలదు, ఫోటో కూడా పంపాలి. ఖాళీ కుర్చీల ఫోటో పంపితే రిజిస్ట్రేషను చూసే పైవాళ్ళు గంటలు లెక్కలోకి తీసుకోరేమోనని డాక్టర్ల సంఘం సెక్రటరీగారి భయం. ఆయనా డాక్టరే, నాకంటే బాగా చిన్నవాడు. ఫోటో వేళకు మందుల కంపెనీ కుర్రాళ్ళు టైలు సర్దుకుని కుర్చీల్లో కూర్చుంటారు. వాళ్ళు చాలకపోతే మంచినీళ్ళ సీసాలు పంచేవాళ్ళను కూర్చోబెడతారు. వాళ్ళూ చాలకపోతే నన్ను.

"రా మామా, మొదటి వరసలో కూకో. జుట్టు నెరిసింది కదా, పెద్ద స్పెషలిస్టులా ఉంతావు," అన్నాడు సెక్రటరీ ఓసారి.

"కూర్చుంటాను గానీ బాబూ, నాకూ సర్టిఫికెట్ ఇత్తారా మరి?"

"ఇత్తాను. రేపట్నుంచి బోర్డు పెట్టుకో," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ కూర్చున్నాను. ఆ రోజు నేను విన్న గంటలు ఏ డాక్టరు పేరు మీద చేరాయో నాకు తెలియదు.

ఇదంతా నాకు తమాషాగానే ఉండేది. లోకంలో ఇంతకంటే పెద్ద దొంగతనాలకు మైకు పెట్టాను నేను. నా ఇంటి దాకా వచ్చేసరికి తమాషా పోయింది.

మా ఇంటికి ఒక డాక్టరుగారున్నారు. ఆయన మా పేటలో బోర్డు కట్టినప్పుడు నా పెళ్ళి కొత్త. మా పిల్లల జ్వరాలూ మనవల జ్వరాలూ ఆయనే చూశారు. మా అమ్మకు ఊపిరాడకుండా పోయిన రోజు తుఫాను నీళ్ళు మోకాలి దాకా ఉంటే, పంచె ఎగ్గట్టుకుని, సంచి నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చారు. ఆ సంగతి నేను దాచను. మాకవరపాలెం నుంచి బస్సెక్కి ఆయన కోసం వచ్చేవాళ్ళున్నారు. బెల్లం కొట్ల షావుకార్లు పట్నంలో పెద్ద ఆసుపత్రికి వెళ్ళొచ్చి కూడా, ఆ మందులు వేసుకోవచ్చా అని ఈయన్నే అడిగేవారు. క్లాసులో మాత్రం ఆయన్ని నేను మేడ మీద ఎప్పుడూ చూడలేదు. సంతకం పెట్టడం చూశాను, చెయ్యి కడుక్కోవడం చూశాను.

నా భార్యకు మోకాళ్ళ నొప్పులు. ఏళ్ళ తరబడి ఉన్నవే. డాక్టరుగారు ఒక నొప్పి మాత్ర రాశారు. అది వేసుకుంటే లేచి తిరుగుతుంది, వెయ్యకపోతే గోడ పట్టుకుంటుంది. అంతకు ముందు నుంచే బీపీకి మాత్ర ఉంది. తర్వాత కాళ్ళ వాపని ఒంట్లో నీరు తీసే మాత్ర ఇంకొకటి చేర్చారు. పొద్దున్నే మూడూ అరచేతిలో పోసుకుని, ఒకేసారి నోట్లో వేసుకుని, పైన చెంబుడు నీళ్ళు తాగేది.

"ఆ బాబు సెయ్యి మంచిది. ఆయన రాసింది బూడిదైనా నాకు పన్జేత్తాది," అనేది.

ఇక ఆ ఆదివారం సంగతి.

విశాఖపట్నం నుంచి ఒక లేడీ డాక్టరు వచ్చింది. చిన్న వయసే. కిడ్నీ స్పెషలిస్టు. కుర్చీలన్నీ ఖాళీ. ముందు వరసలో ఇద్దరు కుర్ర డాక్టర్లు, వెనక ఒక ముసలాయన, గోడవారన నేను. ఆమె ఒకసారి హాలంతా చూసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఇంగ్లీషులోనే గానీ, మధ్యలో తెలుగులోకి వచ్చేది. మనవైపు పెద్దవాళ్ళు మోకాళ్ళ నొప్పులకు ఏళ్ళ తరబడి మాత్రలు మింగుతారు, ఆపమని ఎవరూ చెప్పరు అంది. బీపీ మాత్రల్లో కొన్ని రకాలకు నీరు తీసే మాత్ర తోడై, ఆ రెంటికీ నొప్పి మాత్ర తోడైతే, ముసలివాళ్ళ కిడ్నీలు చప్పుడు లేకుండా చెడిపోతాయంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, రక్త పరీక్ష చేస్తే తప్ప బయటపడదంది. తెర మీద మూడు మాత్రల బొమ్మలు పడ్డాయి.

నాకు నా భార్య అరచెయ్యి కనిపించింది.

నేను డాక్టర్ని కాను. ఆమె చెప్పిందాంట్లో నాకు అర్థమైంది ఎంత, కానిది ఎంత అంటే కానిదే ఎక్కువ. ఏ రకం బీపీ మాత్ర అందో కూడా నాకు పట్టుబడలేదు. అందుకే తెలిసినవాడు వచ్చి వినాలనుకున్నాను. మైకువాడు సీటు వదిలి వెళ్ళకూడదన్న రూలు నా జన్మలో మొదటిసారి తప్పి మెట్లు దిగాను.

డాక్టరుగారు ప్లేటు పట్టుకుని చేపల వేపుడు దగ్గర నిలబడ్డారు. నేను పక్కన చేరి నెమ్మదిగానే చెప్పాను. "బాబూ, ఒక్కసారి పైకి రండి. నొప్పి మాత్రల గురించి సెప్తన్నారు. మా ఆడది ఏసుకునే మాత్రల్లాగే ఉన్నాయి."

ఆయన నన్ను కింద నుంచి పై దాకా చూశారు. పక్కనున్న డాక్టర్లు కూడా చూశారు.

"నువ్వు విన్నావు కదటోయ్! సాయంత్రం వచ్చి నాకు సెప్పు," అన్నారు.

పక్కాయన అందుకున్నాడు. "ఫీజు కూడా పుచ్చుకోవయ్యా ఆయన దగ్గర. వదలకు."

ప్లేట్లు పట్టుకున్న చేతులు కదిలేలా నవ్వారు. డాక్టరుగారు కూడా. నేను పైకి వచ్చేసరికి పాఠం అయిపోయింది. సెక్రటరీ ఆ అమ్మాయికి శాలువా కప్పుతున్నాడు, కంపెనీ కుర్రాళ్ళు కుర్చీలు నింపుతున్నారు ఫోటోకి.

మర్నాడు నా భార్యను తీసుకుని క్లినిక్కుకు వెళ్ళాను. మోకాళ్ళ కోసమని చెప్పి బయల్దేరదీశాను. లోపలికి వెళ్ళాక ఉన్నమాట చెప్పాను. "బాబూ, నిన్నటి సంగతి మనసులో ఎట్టుకోకండి. ఆ మూడు మాత్రలూ కలిపి వాడితే కిడ్నీకి మంచిది కాదంట. ఓసారి రక్తం పరీక్ష రాయండి, సాలు."

డాక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మైకులో విన్నావా?"

"అవును బాబూ."

"జన్మంతా ప్రవచనాలకు మైకు పెట్టేవు కదా. మైకులో విన్నదల్లా వంటబడితే నీకీపాటికి మోక్షం వచ్చెయ్యాలి. వచ్చిందా?"

బయట బెంచీ మీద వాళ్ళకు కూడా వినపడింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"మోక్షం నాకొద్దు బాబూ. పరీక్ష రాయండి," అన్నాను.

"నేను సూత్తన్నది నిన్నా మొన్నా? ఈవిడ ఒంట్లో ఏటున్నాదో నాకు తెలవదా?" అని నా భార్య వైపు తిరిగి, "ఏమ్మా, నా మందు నీకు పడలేదా?" అని అడిగారు.

అంతే. నా భార్య మొహం చూడాలి. గుడిలో చెప్పులేసుకుని వచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది నన్ను. "బాబూ, ఈ మనిషి మాటలు ఇనకండి. ఈయనకి ముసలితనమొచ్చి మతి సెడింది. మీ మాత్ర లేకపోతే నేను మంచం మీదుందును," అని చేతులు జోడించింది. ఆయన ఆ మూడు మాత్రలే మళ్ళీ రాసి ఇచ్చారు.

ఇంటికి వచ్చే దాకా ఆటోలో నా భార్య మొహం రోడ్డు వైపే తిప్పుకుంది. గుమ్మం దాటాక మొదలెట్టింది.

"అంత పెద్దాయన్ని నలుగురిలో నిలదీత్తావా? నువ్వేటి సదివేవు?"

"నేను సదవలేదు. సదివినావిడ సెప్పింది విన్నాను."

"ఆవిడొచ్చి నా మోకాళ్ళు మోత్తాదా? నొప్పి నీదా, నాదా?"

నొప్పి ఆవిడదే. పుస్తకాల్లో మంచి మాటలు చాలా చదివాను గానీ, నొప్పి పడేవాళ్ళకు నొప్పి మాత్ర మానమని చెప్పడానికి ఏ మాటా పనికిరాలేదు. దాచేస్తే వెతికి తీసింది. పారేస్తే మందుల షాపుకు పాత చీటీ పంపి తెప్పించుకుంది. మందుల షాపువాడిని అడిగితే, "డాక్టరుగారు రాసిందే ఇత్తన్నాను బావా, నన్నేటి సెయ్యమంతావు?" అన్నాడు. అతనూ నిజమే చెప్పాడు. ఈ ఊళ్ళో ప్రతివాడూ తన వంతు నిజం చెప్పి తప్పుకుంటాడు, అదే నాకు ఒళ్ళు మండేది.

కొన్ని వారాలకు ఆవిడకు పొద్దున్నే వాంతులు మొదలయ్యాయి. అన్నం సహించడం లేదు. పాదాలు చెప్పుల్లో పట్టడం మానేశాయి. ఒక రోజు పెరట్లో కూర్చుని లేవలేక, నన్ను కేకేసి, లేపాక తనే అంది. "సరే, ఆ పట్నం ఆవిడ దగ్గరికి వత్తాను. గానీ బాబుకి తెలవకూడదు. తెలిత్తే ఆయన మనసు కట్టపడతాది."

మా ఊళ్ళో ఇదో ఆచారం. ఒక డాక్టర్ని నమ్మినవాళ్ళు రెండో డాక్టరు దగ్గరికి దొంగచాటుగా వెళతారు. మొగుడి మీద అలిగి పుట్టింటికి వెళ్ళడానికి కూడా అంత దాపరికం ఉండదు. స్టేషన్లో రైలెక్కేటప్పుడు కూడా నా భార్య కొంగు తల మీదికి లాక్కుంది. మా పేటవాళ్ళు ఎవరైనా చూసి ఎక్కడికని అడిగితే పెళ్ళికని చెప్పమంది.

విశాఖపట్నంలో ఆ లేడీ డాక్టరు పరీక్షలు చేయించింది. కాగితాలు వచ్చాక మమ్మల్ని లోపలికి పిలిచింది. కిడ్నీలు బాగానే దెబ్బ తిన్నాయి, రక్తం శుద్ధి చేసే మిషను దాకా ఇంకా పోలేదు, నొప్పి మాత్ర ఈ రోజు నుంచే ఆపకపోతే అక్కడికే పోతాం అంది. బీపీ మాత్ర మార్చింది. నొప్పికి వేరే తేలిక మందూ, వేడి కాపడమూ, కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామమూ చెప్పింది.

"రక్త పరీక్ష ఇన్నాళ్ళూ ఎవరూ రాయలేదా అమ్మా?" అని అడిగింది.

నా భార్య నేల చూపులు చూసింది.

"మీరు మా ఊళ్ళో చెప్పేరు కదమ్మా, ఆ రోజు మైకు పెట్టింది నేనే," అన్నాను. "మా డాక్టరుగారు కూడా ఆ క్లాసుకి వచ్చేరండి."

"వచ్చారా? మరి విన్నారు కదా?"

"సంతకం పెట్టేరండి."

ఆమెకు అర్థమైంది. మొహం ఎర్రబడింది. కానీ నా కోపం ఆ పూట ఆమెను కూడా వదల్లేదు. "ఒక మాట అడుగుతానమ్మా, తప్పుగా అనుకోకండి. హాలు ఖాళీగా ఉన్నాదని మీకు కనపడింది. కిందికి పోయి పిలవకపోతే పోయె, డాక్టర్లు వస్తేనే చెప్తానని కూర్చోవచ్చు కదా? ఖాళీ కుర్చీలకి చెప్పి శాలువా ఎందుకు కప్పించుకున్నారు?"

నా భార్య నా తొడ మీద గిల్లింది. ఆ డాక్టరమ్మ కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, "ప్రతి ఊళ్ళోనూ అలాగే ఉంటుందండీ," అంది. నేను అడిగింది అది కాదు. అయినా నా భార్యను నిలబెట్టింది ఆమే గనక ఊరుకున్నాను.

లేచేముందు నా భార్య ఆమె చేతులు పట్టుకుని అడిగింది. "అమ్మా, మా బాబుకి సెప్పకండేం."

మాత్ర మానేశాక వాంతులు తగ్గాయి. తర్వాత పరీక్షల్లో కిడ్నీలు ఇంకా దిగజారలేదన్నారు. పోయింది మాత్రం తిరిగి రాదన్నారు. మోకాళ్ళు మాత్రం పగ తీర్చుకున్నాయి. రోజూ ఆవిడ లేచేటప్పుడు ఆ మూలుగు వింటాను. వినాల్సింది నేనే, మాన్పించింది నేనే గనక. ఇరుగమ్మలతో, "ఈయన నా డాక్టర్ని తీసేసేడు," అని చెప్పుకుంటుంది. కిడ్నీ సంగతి చెప్పదు.

మళ్ళీ క్లాసు వచ్చింది. సెక్రటరీ ఫోను చేసి మైకు పెట్టమన్నాడు. ఈసారి షుగరు జబ్బు మీద పాఠం. నేను పొద్దున్నే వెళ్ళి పైన సెట్టు పెట్టాను. తర్వాత మెట్ల రెయిలింగు వెంట కిందికి ఇంకో వైరు లాగాను. భోజనాల హాల్లో రెండు బాక్సులు పెట్టాను, బిర్యానీ గిన్నెకు అటొకటి, ఇటొకటి.

పాఠం మొదలయ్యేసరికి అందరూ కిందే ఉన్నారు. బాక్సులు ఒక్కసారి అందుకున్నాయి. షుగరున్నవాళ్ళ పాదాలకు పుళ్ళు ఎలా పడతాయో, ఎలా కుళ్ళుతాయో, వేళ్ళు ఎప్పుడు తీసెయ్యాలో పైన ఆయన వివరంగా చెబుతున్నాడు. ఒక డాక్టరుగారు జిలేబీ పట్టుకున్న చేతిని అలా గాల్లో ఆపి, బాక్సు వైపు చూసి, తర్వాత నోట్లో పెట్టుకున్నారు. రియల్ ఎస్టేటు బల్ల దగ్గర ఒకరి మాట ఒకరికి వినపడక లేచి నిలబడ్డారు.

సెక్రటరీ పరుగెత్తుకొచ్చాడు. "మామా! కింద బాక్సులెవడెట్టమన్నాడు నిన్ను?"

"ఎవలూ ఎట్టమన్లేదు బాబూ. జనం ఉన్న చోట మైకు పెట్టడమే నా పని. జనం ఇక్కడున్నారు."

"తిండి దగ్గర పుళ్ళ గోలేటయ్యా! తియ్యి ముందు!"

"మీరు పైకెళ్తే తీత్తాను."

ఆయన నాతో వాదించలేదు. వంగి ప్లగ్గు పీకేశాడు. హాలంతా మళ్ళీ చెంచాల చప్పుడు. "ఇదే ఆఖరు. వచ్చేసారి వేరే సెట్టు సెప్పుకుంతాం," అన్నాడు. అలాగే చెప్పుకున్నారు. ఇప్పుడు ఆ క్లాసులకు వచ్చే సెట్టు నాదాని కంటే బాగుంటుందని విన్నాను. కింద వినపడదట.

నేను వైరు చుట్టుకుంటుంటే మా డాక్టరుగారు నా దగ్గరికి వచ్చారు. చేతులు కడుక్కుని, రుమాలుతో తుడుచుకుంటున్నారు. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"మీ ఆవిడ కనపడ్డం లేదేటి ఈ మధ్య?"

"విశాఖపట్నంలో సూపించేను బాబూ. కిడ్నీ పాడైందన్నారు. ఆ మాత్ర మాన్పించేరు."

ఆయన రుమాలు మడతపెట్టుకున్నారు. "క్రియాటినిన్ ఎంతొచ్చింది?" అని అడిగారు. నేను చెప్పాను. "పొటాషియం చూసేరా? బీపీ మాత్ర మార్చేరా?"

చూశారని, మార్చారని చెప్పాను. ఆయన తలూపారు. సరిగ్గా ఆ డాక్టరమ్మ కిడ్నీ పరీక్షల కాగితంలో చూసినవే, అదే వరసలో అడిగారాయన. అప్పుడు నాకు తెలిసింది. ఇన్నాళ్ళూ పాఠం వినక తెలియలేదనుకున్నాను. పైకి రాని మనిషికి ఎలా తెలుస్తుందని తిట్టుకున్నాను. ఆయనకు తెలుసు.

"తెలుసా బాబూ మీకు?" అన్నాను.

"నాకు తెలవదనుకున్నావా?" అన్నారాయన, కోపంగా కాదు, అలసిపోయినట్టు. "నేను సూదులు మానేసిన ఏడు నీకు గుర్తున్నాదా? జ్వరమొస్తే సూది అక్కర్లేదు, మాత్ర సాలు అని సెప్పేను. పేటంతా రైల్వే గేటు అవతల ఆ సదువులేనోడి దగ్గరికి పోయేరు. వాడు గుమ్మంలోనే సూదేసేవాడు. నా గుమ్మంలో సెప్పులు లేవు. నొప్పి మాత్ర రాయనంటే మీ ఆవిడ ఎక్కడికెళ్తాది? వాడి దగ్గరికే. వాడు ఇంకా పెద్దది ఇత్తాడు. నా దగ్గరుంటే కనీసం నేను సూత్తానని..."

ఆ ఏడు నాకు గుర్తుంది. ఆయన చెప్పింది నిజం. మా పేటే ఆయన్ని సూది వెయ్యని డాక్టరని వెక్కిరించింది. ఈ ఊరికి మంచి చెప్పినవాడు నచ్చడు, నొప్పి తీసినవాడు నచ్చుతాడు. ఆ ఊరిని నేను ఎంత తిట్టమన్నా తిడతాను.

"మరి సూసేరా బాబూ? కనీసం పరీక్షైనా రాసేరా?" అన్నాను.

ఆయన రుమాలు జేబులో పెట్టుకుని కారు తాళం చెవి తీశారు. తెలియనివాడైతే ఈపాటికి క్షమించేవాణ్ణి. మేడ మెట్లు ఎక్కించి కుర్చీలో కట్టేసి కూర్చోబెట్టినా ఈయనకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఏ క్లాసు చెబుతుంది, తెలిసినదాన్ని రోగి మొహం మీద చెప్పడం ఎలాగో? వచ్చినవాళ్ళు రాకుండా పోతారన్న భయాన్ని ఎన్ని గంటలు వింటే పోతుంది?

ఆయన కారు దాకా నడిచి, మళ్ళీ వెనక్కు వచ్చారు. "ఓసారి తీసుకురా ఆవిణ్ణి. సూత్తాను," అన్నారు. తుఫాను నీళ్ళలో మా అమ్మ కోసం వచ్చిన గొంతే అది. నేను వైరు భుజానేసుకుని వచ్చేశాను.

ఇంటికి రాగానే నా భార్య అడిగింది. ఏ క్లాసు జరిగినా, ఊళ్ళోకి వెళ్ళొచ్చినా అడుగుతుంది.

"బాబు కనబడ్డారా? నా గురించి ఏటైనా అడిగేరా?"

అడిగారని చెబితే మర్నాడే ఆటో ఎక్కుతుంది. ఆయన ముందు కూర్చుని మోకాళ్ళ మీద చెయ్యేసుకుని ఏడుస్తుంది. ఆవిడ ఏడిస్తే కాదనలేని మనిషి ఆయన. చేతిలో కలం ఉంటుంది.

"అడగలేదు," అన్నాను.

"పాపం, మరిసిపోయేరు," అంది. గోడ పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళింది.